రిఫ్లెక్స్ ఉన్నంత మాత్రాన లాంగ్‌బౌ కాకుండా పోతుందా? లింబుల ఆకారాల మీద ఒక సందేహం

హన్మకొండ_విలుకాడు
ఈమధ్య జరిగిన ఒక స్నేహపూర్వక త్రీడీ పోటీలో (జంతువుల బొమ్మలే గురిగా ఉండే పోటీ) లాంగ్‌బౌ విభాగానికి పేరిచ్చాను. పరికరాలు తనిఖీ చేసే పెద్దమనిషి నా విల్లును అటూ ఇటూ తిప్పి చూసి, "ఇది రిఫ్లెక్స్ విల్లు, అంటే రికర్వే, లాంగ్‌బౌలో చెల్లదు" అని పక్కన పెట్టేశారు. అల్లెతాడు దించి చూస్తే నా విల్లు లింబుల (పట్టుకు పైనా కిందా వంగే రెండు భాగాల) చివరలు గురివైపు కొద్దిగా వాలి ఉంటాయి, అది నిజమే. కానీ అల్లె ఎక్కించాక అది ఒకటే వంపుగా, ఇంచుమించు ఇంగ్లీషు డి అక్షరంలాగే కనిపిస్తుంది. అమ్మినవారు ఇచ్చిన కాగితంలో "ఆర్‌డీ హైబ్రిడ్ లాంగ్‌బౌ" అని రాసి ఉంది, ఆర్‌డీ అంటే రిఫ్లెక్స్-డిఫ్లెక్స్. పక్కనే నిలబడిన ఇంకొకరు దీన్ని ఫ్లాట్‌బౌ (వెడల్పాటి పలచని లింబుల విల్లు) అన్నారు. ఒకే విల్లుకు ఒకే ఉదయం ఇన్ని పేర్లు పెడితే, డబ్బు పెట్టి కొన్నవాడు దేన్ని నమ్మాలి? రిఫ్లెక్స్, డిఫ్లెక్స్, రికర్వ్ అనే మాటల మధ్య గీత ఎక్కడుందో, ఆ గీతను ఎవరు ఎలా గీస్తారో తెలిసినవారు కాస్త వివరంగా చెప్పగలరు.

గురితప్పినోడు
ఆయన అల్లె దించి చూశారా, ఎక్కించి చూశారా? తీర్పు మొత్తం దాని మీదే ఆధారపడి ఉంటుంది.

హన్మకొండ_విలుకాడు
దించే చూశారు. ఎక్కించి చూపిస్తానని అన్నాను గానీ, వెనుక వరుస పెరుగుతోందని పంపించేశారు.

పాత_మెకానికల్
ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. వాటిని విడదీస్తే చిక్కు చాలావరకు విడిపోతుంది.

మొదటి ప్రశ్న, అల్లె లేనప్పుడు విల్లు ఎటు వాలి ఉంది అన్నది. విల్లును బల్ల మీద పక్కకు పడుకోబెట్టి, చేతిపట్టు దగ్గర వీపుకు ఒక తిన్నని కర్రను ఆనించండి. వీపు అంటే గురివైపు ఉండే ముఖం, పొట్ట అంటే మనవైపు ఉండే ముఖం. లింబుల కొనలు ఆ కర్రను దాటి గురివైపుకు వెళ్తే అది రిఫ్లెక్స్, మనవైపుకు వస్తే డిఫ్లెక్స్. ఈ వాలు మొత్తం లింబులో ఉండవచ్చు, లేదా చేతిపట్టు దగ్గర ఒక కోణంగా మాత్రమే ఉండవచ్చు.

రెండో ప్రశ్న, అల్లె ఎక్కించినప్పుడు తాడు ఎక్కడ ఆనుతుంది అన్నది. లింబు చివరి భాగం గురివైపుకు తిరిగి, తాడు కొప్పును (లింబు కొనలో తాడు తగిలించే గాడిని) దాటి వచ్చిన తరువాత కూడా కొంత దూరం లింబు పొట్ట మీద పడుకుంటే దాన్ని రికర్వ్ అంటారు. విల్లును లాగుతున్నకొద్దీ తాడు అక్కడి నుంచి లేస్తుంది. చివరలు దీనికి విరుద్ధంగా, మనవైపుకు వంగి ఉంటే అది డికర్వ్, కానీ అటువంటి విల్లు అరుదు.

కాబట్టి రిఫ్లెక్స్ ఉండి రికర్వ్ లేని విల్లు ఉంటుంది, మీది అటువంటిదే. చేతిపట్టు దగ్గర డిఫ్లెక్స్ ఉండి చివర్లలో రికర్వ్ ఉన్న విల్లు కూడా ఉంటుంది. పోటీల్లో వాడే రికర్వ్‌లలో రైజర్‌కు (పట్టు ఉండే మధ్య భాగానికి) కొద్దిగా డిఫ్లెక్స్ పెట్టేవి చాలా ఉన్నాయి. పట్టు తాడుకు దూరంగా, లింబుల మొదళ్లు తాడుకు దగ్గరగా ఉంటే విల్లు చేతిలో అంత తేలికగా మెలి తిరగదు, మణికట్టు చేసే చిన్న పొరపాట్లను అది కొంత సహిస్తుంది.

అంతర్జాతీయ విలువిద్య సమాఖ్య అయిన వరల్డ్ ఆర్చరీ నిబంధన రిఫ్లెక్స్ ఊసే ఎత్తదు. అల్లె ఎక్కించినప్పుడు తాడు కొప్పులను తప్ప విల్లులో మరే భాగాన్నీ తాకకూడదు అన్నదే లాంగ్‌బౌకు అది పెట్టిన ఆకార పరీక్ష.

మూడో_బాణం
అంటే తాడుకూ లింబుకూ మధ్య ఒక కాగితం ముక్క జారితే చాలు, లాంగ్‌బౌ అయిపోయినట్టేనా?

పాత_మెకానికల్
ఆకారం వరకు అంతే. మిగిలిన షరతులు వేరే ఉన్నాయి.

కాజీపేట_జంక్షన్
నిబంధన అలా ఉండవచ్చు గానీ, మైదానంలో మాట్లాడుకునే భాష అంత తూకం వేసినట్టు ఉండదు, ఉండాలని కోరడం కూడా ఎక్కువే. చివరలు ముందుకు తిరిగి కనిపించిన ప్రతిదాన్నీ జనం రికర్వ్ అనే అంటారు. మా ఇంట్లో గోడకు వేలాడే భద్రాచలం కాలెండర్లో రాముడి చేతిలో ఉన్న విల్లునే చూడండి, కొనలు చక్కగా ముందుకు చుట్టుకొని ఉంటాయి. ఈ లెక్కన స్వామివారిని కూడా తనిఖీకి నిలబెట్టాల్సిందేనా?

గురితప్పినోడు
కాలెండర్ గీసిన చిత్రకారుడు అల్లెను కొప్పు నుంచి నేరుగా గాలిలోకి దించేశాడు, లింబును ఎక్కడా తాకనివ్వలేదు. కాబట్టి నిబంధన ప్రకారం అది లాంగ్‌బౌయే, స్వామివారికి ప్రవేశం ఉంది. తనిఖీదారు మాత్రం ఆయన నాలుగు చేతులనూ, శంఖచక్రాలనూ చూసి అదనపు పరికరాలు అనకుండా ఉంటే చాలు.

సుబేదారి_సార్
ఆకారాన్ని బట్టి విభజించడం మనకు కొత్త అలవాటే అనిపిస్తుంది. కౌటిల్యుడి అర్థశాస్త్రంలో ఆయుధాగారం గురించి చెప్పే చోట విల్లులను వేటితో చేస్తారన్నదాన్ని బట్టి లెక్కపెట్టారు: తాటి, వెదురు, చేవ ఉన్న కర్ర, కొమ్ము. వాటికి కార్ముకం, కోదండం, ద్రూణం, ధనుస్సు అని పేర్లు. అల్లెతాళ్లకు కూడా అక్కడే ఒక జాబితా ఉంది. చాగనార, జిల్లేడు, జనుము, వెదురు, జంతువుల నరాలు అందులో వస్తాయి. లింబు కొన ఎటు తిరిగిందన్న ప్రస్తావన లేదు. నిజానికి పదార్థమే ఆకారాన్ని శాసిస్తుంది గనుక, ఆ విభజనలో ఒక వివేకం ఉందని నేను అనుకుంటాను. వెదురుతో చేసే విల్లునూ కొమ్ముతో చేసే విల్లునూ ఒకే ఆకారంలో చేయమంటే ఏ పనివాడూ ఒప్పుకోడు.

అల్లెతాడు
హన్మకొండ గారూ, ఆకారం సంగతి అలా ఉంచండి. మీ విల్లు పొడవెంత?

హన్మకొండ_విలుకాడు
అరవై రెండు అంగుళాలని లింబు మీద రాసి ఉంది. దానికీ దీనికీ ఏమిటి సంబంధం?

అల్లెతాడు
చాలా సంబంధం ఉంది. లాంగ్‌బౌ విభాగంలో పురుషుల విల్లు 160 సెంటీమీటర్లకు, స్త్రీల విల్లూ జూనియర్ల విల్లూ 150 సెంటీమీటర్లకు తగ్గకూడదు. ఈ కొలత అల్లె ఎక్కించిన విల్లు మీద, ఒక కొప్పు నుంచి రెండో కొప్పు వరకు, వీపు వెంబడి తీయాలి. అరవై రెండు అంగుళాలంటే సుమారు 157 సెంటీమీటర్లు. మీ పెద్దమనిషి తప్పు కారణం చెప్పి సరైన తీర్పు ఇచ్చినట్టున్నారు.

లక్నవరం_అల
అయితే అదే విల్లును నేను పట్టుకొని వరుసలో నిలబడితే నిక్షేపంగా లాంగ్‌బౌ అవుతుందన్నమాట. ఎవరైనా అమ్మదలచుకుంటే కబురు పెట్టండి, ధర మాట్లాడుకుందాం.

హన్మకొండ_విలుకాడు
అమ్మను గానీ, పోటీ రోజు అరువు ఇస్తాను. నాకు అర్థం కానిది ఒక్కటే. పొడవు గురించి ఆ రోజు ఎవరూ అడగలేదు, టేపు కూడా తీయలేదు. ఒక్క అంగుళం మీద పోయిందని చెప్పి ఉంటే ఇంత బాధ ఉండేది కాదు.

కాజీపేట_జంక్షన్
చూశారా, నిబంధన చదివినవారి దగ్గర టేపు ఉంటుంది, చదవనివారి దగ్గర అభిప్రాయం ఉంటుంది.

కరీంనగర్_కంక
పేర్ల గొడవ తేలింది కాబట్టి అసలు సంగతికి వస్తాను. ఎన్ని మాటలు చెప్పినా, రిఫ్లెక్స్ ఉన్న విల్లు లేని విల్లుకంటే వేగంగా బాణాన్ని పంపుతుంది. అందుకే తురుష్కులూ మంగోలులూ తమ విల్లులను అంతగా ముందుకు వంచారు. లాంగ్‌బౌ ప్రేమికులు ఈ నిజాన్ని ఒప్పుకోవడానికి ఎందుకు ఇష్టపడరో నాకు తెలియదు.

పాత_మెకానికల్
సగం ఒప్పుకుంటాను. విల్లు ఎంత శక్తిని దాచుకుంటుందన్నది పూర్తిగా లాగినప్పుడు చేతికి తగిలే బరువును బట్టి మాత్రమే ఉండదు, లాగుడు మొదటి నుంచి చివరి దాకా బరువు ఎలా పెరుగుతూ వచ్చిందన్నదాన్ని బట్టి ఉంటుంది. రిఫ్లెక్స్ విల్లుకు అల్లె ఎక్కించేసరికే లింబులు ఎక్కువ దూరం వంగి ఉంటాయి, అంటే లాగుడు మొదలుపెట్టిన క్షణంలోనే తాడులో బిగువు ఎక్కువ. మొదటి అంగుళాల్లోనే బరువు గట్టిగా తగులుతుంది. చివరన రెండు విల్లులూ నలభై అయిదు పౌండ్లే చూపించినా, రిఫ్లెక్స్ విల్లు దారిలో ఎక్కువ పని చేయించుకొని ఎక్కువ దాచుకుంటుంది. ఇంతవరకు మీరన్నది నిజం.

కానీ దాచుకున్నదంతా బాణానికి చేరదు. లింబు కొనలను కదిలించడానికి కొంత ఖర్చవుతుంది. కొన ఎంత బరువుగా ఉంటే అంత ఎక్కువ మిగిలిపోతుంది. మాంచు విల్లుల్లో చివర ఉండే పొడవైన గట్టి కొనలను సియాలంటారు. వాటితో భారీ బాణం అద్భుతంగా వెళ్తుంది, తేలిక బాణం వేస్తే ఆ లాభం కనిపించదు. రెండోది, చెక్క మాత్రమే ఉన్న విల్లుకు రిఫ్లెక్స్ పెంచితే పొట్టవైపు నొక్కుడు అంత పెరుగుతుంది. ఆ నొక్కుడుకు చెక్క నలిగి, కొద్ది రోజుల్లో మీరు పెట్టిన రిఫ్లెక్స్‌ను అదే మింగేస్తుంది. పొట్టకు గేదె కొమ్ము, వీపుకు నరాలు అతికిస్తేనే తురుష్కుల విల్లు అంత వంపును తట్టుకుంది. చెక్క తట్టుకోలేని సాగుడును నరం, నొక్కుడును కొమ్ము తట్టుకుంటాయి.

కరీంనగర్_కంక
అంటే నేను చెప్పింది తప్పు కాదు, చెక్కకు వర్తించదు అంతేనా?

పాత_మెకానికల్
ఫైబర్‌గ్లాస్ పొరలు ఉన్న విల్లుకు బాగానే వర్తిస్తుంది. ఒట్టి చెక్కకు కొద్దిగానే వర్తిస్తుంది.

నర్సంపేట_నాగలి
స్ట్రింగ్ ఫాలో, సెట్ అని కూడా అంటుంటారు. వీటినీ డిఫ్లెక్స్‌నూ ఎలా వేరు చేయాలి? చూపులకు మూడూ ఒకేలా ఉంటాయి కదా, అల్లె దించినా విల్లు మనవైపే వంగి ఉంటుంది.

అల్లెతాడు
డిఫ్లెక్స్ అంటే చేసినవాడు కావాలని పెట్టిన వాలు. స్ట్రింగ్ ఫాలో అంటే నిటారుగా చేసిన విల్లు వాడగా వాడగా తాడువైపు ఉండిపోయిన వంపు. పొట్టలోని పీచు నలిగి, మళ్లీ పూర్తిగా సాగలేకపోవడం వల్ల వచ్చే ఆ శాశ్వత వంపునే సెట్ అంటారు. అల్లె దించిన వెంటనే ఒకసారి, కొన్ని గంటల తరువాత ఇంకోసారి కొలిచి చూడండి. ఆ వంపు పోయిందంటే చెక్క అలసిందని, పోలేదంటే నలిగిందని తెలుసుకోవచ్చు. చెక్క విల్లుకు కొద్దిపాటి సెట్ రావడం సహజమే, దానికి కంగారు పడనవసరం లేదు. ఒక లింబు మాత్రమే ఎక్కువ వాలుతుంటే మాత్రం చెక్కుడులో లోపం ఉన్నట్టు.

ఏటూరునాగారం_దారి
మా వైపు కోయ ఇళ్లల్లో పాత విల్లులు ఇప్పటికీ చూరులో కనిపిస్తాయి. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చాక వేట లేదు కాబట్టి వాటిని పండుగలప్పుడు బయటికి తీయడమే ఎక్కువ. మీ పదాల్లో చెప్పాలంటే అది రిఫ్లెక్స్ కాదు, రికర్వ్ కాదు. చీల్చిన వెదురు బద్దను చెక్కి, రెండు కొసలూ సన్నం చేసి, కొప్పులు తీస్తారు. చేతిపట్టుకు వేరే దిమ్మ ఉండదు, పట్టు దగ్గర కూడా విల్లు వంగుతుంది. అల్లె కూడా వెదురుదే. పైపొరను సన్నని పట్టీగా చీల్చి, దాని రెండు చివరలకు నారతో ఉచ్చులు కడతారు. వాన తగిలినా అది సాగిపోదు. సుబేదారి సార్ చెప్పిన జాబితాలో వెదురు అల్లె ఉందని చదివి సంతోషం కలిగింది.

సుబేదారి_సార్
ఆ పట్టీ ఎంత వెడల్పు ఉంటుందో చెప్పగలరా?

ఏటూరునాగారం_దారి
నేను చూసిన వాటిలో చిటికెన వేలి గోరంత వెడల్పు ఉంటుంది. పైపొర నిగనిగ అలాగే ఉంచి, లోపలి మెత్తని భాగాన్ని కత్తి అంచుతో గీకేస్తారు. వేళ్లతో దాన్ని పట్టి లాగడం అలవాటు లేనివాడికి చర్మం లేచిపోతుంది.

మూడో_బాణం
పట్టు దగ్గర వంగే విల్లు చేతిలో తన్నదా?

ఏటూరునాగారం_దారి
కొద్దిగా తన్నుతుంది. ఆ విల్లులను మనంత దూరం లాగరు, చెంప దాకా లాగి గురి చూసే పద్ధతి అది కాదు. తక్కువ దూరం, తక్కువ లాగుడు. మొత్తం పొడవంతా వంగుతుంది కాబట్టి అంత పొట్టి విల్లయినా విరగకుండా ఉంటుంది.

కరీంనగర్_కంక
నాకు వెదురుతో ఒక విల్లు చేసుకోవాలని ఎప్పటి నుంచో ఉంది. ఇంగ్లీషు లాంగ్‌బౌలా వెడల్పు తక్కువగా, మందం ఎక్కువగా, డి ఆకారపు అడ్డుకోతతో చేయవచ్చా, లేక వెడల్పుగా పలచగానే చేయాలా? ఒక వీడియోలో ఒకరు సన్నగా చేసి చూపించారు.

పాత_మెకానికల్
వీడియోలో ఆ విల్లు రెండో వారం ఎలా ఉందో చూపించారా?

వెడల్పును రెండింతలు చేస్తే బిగువు రెండింతలు అవుతుంది. అదే మందాన్ని రెండింతలు చేస్తే బిగువు ఎనిమిదింతలు అవుతుంది, ఎందుకంటే బిగువు మందం ఘనాన్ని బట్టి మారుతుంది. ఇంకో మాటలో చెప్పాలంటే, లింబు మందంలో పది శాతం చెక్కేస్తే బిగువులో సుమారు 27 శాతం పోతుంది. చివరి దశలో ఆకురాయికి బదులు గాజు కాగితమే వాడమనడానికి కారణం ఇదే. మరోవైపు, ఒకే వంపుకు లావు లింబు పైపొరలు ఎక్కువ సాగాలి, పొట్ట ఎక్కువ నలగాలి. కాబట్టి లావు తగ్గించి వెడల్పు పెంచితే అదే బరువు తక్కువ హింసతో వస్తుంది.

ఇంగ్లండ్‌లో యూ చెట్టు దొరికింది. దాని బయటి లేత చెక్క సాగుడును, లోపలి చేవ నొక్కుడును బాగా భరిస్తాయి కాబట్టి వెడల్పు తక్కువ, మందం ఎక్కువ ఉన్న కోత చెల్లింది. 1545లో మునిగి 1982లో పైకి తీసిన మేరీ రోజ్ ఓడలో దొరికిన విల్లులు దాదాపు రెండు మీటర్ల పొడవున ఉన్నాయంటే, ఆ కోతకు అంత పొడవు అవసరమైంది కూడా. 1930ల ప్రాంతంలో అమెరికాలో క్లారెన్స్ హిక్‌మన్, పాల్ క్లాప్‌స్టెగ్ వంటి భౌతికశాస్త్రవేత్తలు లెక్కలు వేసి, గుండ్రటి పొట్టకంటే చదునైన దీర్ఘచతురస్రపు కోతే మేలని చూపించాకే ఇప్పటి ఫ్లాట్‌బౌకు ఆదరణ పెరిగింది. వెదురుకు ఈ మాట ఇంకా ఎక్కువ వర్తిస్తుంది. దాని బలమంతా బయటి పొరలో దట్టంగా ఉన్న పీచులో ఉంది. లోపలికి వెళ్లేకొద్దీ మెత్తబడుతుంది.

కరీంనగర్_కంక
నిగనిగలాడే బయటి పొర వీపుకు రావాలా, పొట్టకు రావాలా?

పాత_మెకానికల్
మీరు ఇంకో చెక్కకు వెదురును అతికిస్తుంటే తప్పకుండా వీపుకే రావాలి, సాగుడును అది భరించినట్టు మరొకటి భరించదు. కణుపుల దగ్గర పొరను చదును చేయాలన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. అక్కడ పీచు తెగితే విల్లు అక్కడే విరుగుతుంది. జపాన్ యుమిలో వీపుకూ పొట్టకూ రెండువైపులా వెదురే వేసి, మధ్యలో ఇంకో పొర పెడతారు. ఆ విల్లు రెండు మీటర్లు దాటుతుంది, పట్టు మధ్యలో కాకుండా కింది నుంచి మూడో వంతు దగ్గర ఉంటుంది.

ములుగు_మేదరి
వెదురు ఎంచుకునే సంగతి నేను చెబుతాను, మా ఇంట్లో బుట్టలూ తట్టలూ అల్లే పని ఉంది. ముళ్ల వెదురు లోపల గుల్లగా ఉంటుంది. విల్లుకు సాధన వెదురు కావాలి. మెట్ట నేలల్లో పెరిగినది ఇంచుమించు గట్టి కర్రలా, లోపల రంధ్రం చాలా సన్నగా ఉంటుంది. లేతది వద్దు, కనీసం మూడేళ్లు నిండినది చూసుకోండి. లేత బొంగుకు కణుపుల దగ్గర తెల్లని పొడి, తొడుగులు మిగిలి ఉంటాయి. ముదిరినదానికి అవి రాలిపోయి, వేలి గణుపుతో కొడితే గట్టిగా మోగుతుంది. వానాకాలం నరికినదాన్ని పురుగు తినేస్తుంది, చలికాలంలో నరికినదే తీసుకోండి. చీల్చాక నీడలోనే ఆరబెట్టాలి, ఎండలో పెడితే మెలి తిరుగుతుంది. అడవిలోకి వెళ్లి మీరే నరకడం నేరం కాబట్టి డిపోలో గానీ, మా వంటివాళ్ల దగ్గర గానీ కొనుక్కోండి.

కరీంనగర్_కంక
ఇంత వివరం ఏ వీడియోలోనూ దొరకలేదు. బద్ద పొడవు ఎంత తీసుకోవాలి?

ములుగు_మేదరి
అది విల్లు చేసేవాళ్లను అడగండి. తట్టకెంత కావాలో అయితే చెప్పగలను.

అల్లెతాడు
మీ లాగుడు పొడవుకు రెండింతలు, పైన పది అంగుళాలు వేసుకుంటే వెదురు మిమ్మల్ని క్షమిస్తుంది. పట్టు దగ్గర వంగని దిమ్మ పెడితే ఇంకో నాలుగైదు అంగుళాలు కలపండి, ఎందుకంటే ఆ భాగం పని చేయదు.

చెక్కుడు విషయంలో మాత్రం ఓపిక కావాలి. పెరట్లో వేపకొమ్మకు చిన్న గిలకను కట్టి, విల్లు పట్టును ఒక కొయ్య మీద ఆనించి, తాడును గిలక మీదుగా లాగుతూ దూరం నుంచి వంపును చూడాలి. ఎక్కడో ఒకచోట లింబు మోచేయిలా మడుచుకుంటుంటే ఆ చోటును ముట్టుకోకూడదు, దానికి రెండువైపులా గట్టిగా ఉన్న భాగాలనే చెక్కాలి. దగ్గరగా నిలబడి చూస్తే ఇది కనబడదు. అందుకే చాలామంది కెమెరాతో ఫొటో తీసి, తిరగేసి, రెండు లింబులను ఒకదానిపై ఒకటి పోల్చి చూస్తారు. కావలసిన బరువు కంటే ఎక్కువ ఎప్పుడూ లాగవద్దు. యాభై పౌండ్లు లాగి చూసి నలభైకి చెక్కుదామనుకుంటే, ఆ యాభై పౌండ్ల దెబ్బ పొట్టలో అలాగే ఉండిపోతుంది.

గురితప్పినోడు
గిలక కట్టడానికి వేప ఎందుకు, చింత పనికిరాదా?

అల్లెతాడు
చింతకొమ్మ అయితే మీ ఇంట్లో పెద్దవాళ్లు ఊరుకోరు. లేకపోతే పనికొస్తుంది.

లక్నవరం_అల
టిల్లర్ అంటే రెండు లింబులూ సమానంగా వంగడమే కదా, మరి పైలింబు కాస్త ఎక్కువ వంగాలని ఎందుకంటారు?

అల్లెతాడు
బాణానికి పైన ఒక వేలు, కింద రెండు వేళ్లు పెట్టి లాగేవారి బలం తాడు సగానికి కాస్త పైన పడుతుంది, పట్టు కూడా సరిగ్గా మధ్యలో ఉండదు. అందుకని కింది లింబును కొంచెం గట్టిగా ఉంచుతారు. పట్టు రెండు అంచుల దగ్గర, లింబు నుంచి తాడుకు దూరం కొలిస్తే పైవైపు మూడు నుంచి ఆరు మిల్లీమీటర్లు ఎక్కువ ఉంటుంది. బాణం కింద మూడు వేళ్లూ పెట్టేవారికి రెండూ సమానంగా ఉంటే మేలు.

నర్సంపేట_నాగలి
నా విల్లు మీద నలభై అయిదు పౌండ్లని ఉంది, స్ప్రింగు కాటాకు తగిలించి నేను లాగేంత వరకు లాగితే నలభై ఒకటే చూపిస్తోంది. అమ్మినవాడు మోసం చేశాడా?

పాత_మెకానికల్
మోసం కాకపోవచ్చు. ఆ అంకె ఇరవై ఎనిమిది అంగుళాల లాగుడుకు రాసినది, మీరు ఇరవై ఆరు దాకానే లాగుతుంటే అంగుళానికి రెండు రెండున్నర పౌండ్ల చొప్పున తగ్గుతుంది. ఇరవై ఎనిమిది దగ్గర గుర్తు పెట్టుకొని మళ్లీ తూచండి. అదే సమయంలో ప్రతి అంగుళానికీ ఎంత పెరుగుతోందో రాసుకుంటే, మీ విల్లు ఎక్కడ స్టాక్ అవుతుందో కూడా తెలుస్తుంది. ఒకటే తీరుగా పెరుగుతూ వచ్చిన బరువు, చివరి అంగుళాల్లో ఒక్కసారి నాలుగు అయిదు పౌండ్లు ఎగబాకడం మొదలైతే అదే స్టాక్. తాడుకూ లింబు కొనకూ మధ్య కోణం తొంభై డిగ్రీలు దాటినప్పుడు, మీ లాగుడులో ఎక్కువ భాగం లింబును వంచడానికి కాకుండా దాని పొడవు వెంబడి గుంజడానికే పోతుంది కాబట్టి అలా జరుగుతుంది. రికర్వ్ కొన ఆ కోణాన్ని ఆలస్యం చేస్తుంది. పొట్టి విల్లులకు రికర్వ్ అంతగా కలిసొచ్చింది ఈ కారణంతోనే.

కాజీపేట_జంక్షన్
మా స్నేహితుడి రికర్వ్ ఒకటి మెలి తిరిగింది. తాడు కొప్పు దగ్గర లింబు మధ్యగుండా పోకుండా ఒక పక్కకు జారుతోంది. మే నెలలో మధ్యాహ్నం పూట కారు వెనుక సీట్లో పెట్టి పెళ్లికి వెళ్లాడు. లాంగ్‌బౌకు ఈ బెడద ఉండదని ఎవరో అన్నారు, నిజమేనా?

అల్లెతాడు
బెడద తక్కువే గానీ, లేకపోలేదు. రికర్వ్ కొన పలచగా, వెడల్పుగా ఉండి, తాడు దాని మీదే పడుకుంటుంది కాబట్టి కాస్త పక్కకు జరిగినా మెలితిప్పే బలం దొరుకుతుంది. ఓరుగల్లు ఎండల్లో మూసిన కారు లోపలి వేడికి పొరలను అతికించిన జిగురే మెత్తబడుతుంది. అల్లె ఎక్కించే విధానం కూడా ఒక కారణం. కాలు దూర్చి తొడ మీద వంచి ఎక్కించేవారి లింబులు తొందరగా మెలి తిరుగుతాయి. రెండు కొనలకు తొడుగులున్న తాడుతో, దాన్ని కాలితో తొక్కిపట్టి విల్లును పైకి లేపుతూ ఎక్కించడమే క్షేమం. కొద్దిపాటి మెలి అయితే, అల్లె ఎక్కించి ఉంచి, లింబును ఎదురువైపుకు నెమ్మదిగా తిప్పి కాసేపు పట్టుకొని సరిచేయవచ్చు. పొర లేచి ఉంటే మాత్రం దాన్ని ఇక లాగవద్దని చెప్పండి.

సుబేదారి_సార్
వాతావరణం మాట వచ్చింది కాబట్టి ఒకటి కలుపుతాను. కొమ్ము విల్లులకు వాడే జిగురు చేప తిత్తి నుంచో, తోళ్ల నుంచో తీసినది. తేమ తగిలితే అది వదులవుతుంది. కొరియావారు తమ కొమ్ము విల్లులను వెచ్చగా ఉంచే పెట్టెలో దాచేవారు. మన వానాకాలంలో అటువంటి విల్లును కాపాడడం ఎంత కష్టమో ఊహించవచ్చు. ఉత్తర భారతంలో ఉక్కుతో విల్లులు చేయడం వెనుక, ఆయుధాగారంలో ఏళ్ల తరబడి చెడకుండా ఉంటాయన్న ఆలోచన ఉందంటారు. బాణం వేగంలో అవి కొమ్ము విల్లుకు సాటి రావు.

మూడో_బాణం
నాకు చిన్నప్పటి నుంచి తెలిసిన ఒకే ఒక డిజైన్ గులేరు. దాన్ని ఏ విభాగంలో పెడతారు?

గురితప్పినోడు
పక్కింటివాళ్ల కిటికీ అద్దాన్ని బట్టి తేలుస్తారు.

హన్మకొండ_విలుకాడు
చర్చ చాలా దూరం వెళ్లింది గానీ నాకు పనికొచ్చేదే దొరికింది. నా విల్లును సుబేదారి మైదానంలో టేపు పెట్టి కొలిచాం, వీపు వెంబడి కొప్పు నుంచి కొప్పుకు 157 సెంటీమీటర్లే వచ్చింది. తాడు ఎక్కడా లింబును తాకలేదు, కాగితం ముక్క రెండువైపులా కొప్పు దాకా జారింది. రాబోయే పోటీకి ఏ విభాగంలో పేరివ్వమంటారు?

అల్లెతాడు
ట్రెడిషనల్ విభాగంలో ఇవ్వండి, అక్కడ రికర్వ్‌లకు కూడా చోటుంది కాబట్టి మీ ఆకారం మీద ఎవరూ పేచీ పెట్టరు. నిర్వాహకులు ఏ సంవత్సరపు నిబంధనల పుస్తకం పాటిస్తున్నారో ముందే అడిగి తెలుసుకోండి. లాంగ్‌బౌలోనే ఆడాలనుకుంటే అరవై నాలుగు అంగుళాల విల్లు, చెక్క బాణాలు కావాలి.

లక్నవరం_అల
ఆ అరవై నాలుగు కొన్నాక అరవై రెండు నాకే ఇవ్వాలి, ముందే మాట తీసుకుంటున్నాను. బ్రేస్ ఎత్తు (పట్టు నుంచి తాడుకు దూరం) ఎంత పెట్టారో కూడా చెప్పండి.

హన్మకొండ_విలుకాడు
పిడికిలి బిగించి బొటనవేలు నిలబెట్టినంత, అంటే నా చేతికి ఆరున్నర అంగుళాలు. ఇంకా తగ్గిస్తే తాడు మణికట్టుకు కొడుతోంది. మీ చేతికి ఎక్కువనిపిస్తే తాడుకు రెండు మెలికలు విప్పి చూసుకోండి.